గట్టున వయ్యారిభామ... చేలో మౌనయుద్ధం!

మనిషికి జలుబు చేస్తే తుమ్ముతాడు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని మూలుగుతాడు. మరి మొక్కకి వైరస్ సోకితే? కదల్లేదు, అరవలేదు, ఆసుపత్రికి పోలేదు. అయినా ఊరుకోదు. ఆకుచాటున పెద్ద పోరాటమే చేస్తుంది. ఆ పోరు ఎలా సాగుతుందో, అందులో రైతు ఏం చేయగలడో తెలియాలంటే నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు చేలగట్ల మీద ఓసారి నడిచి రావాల్సిందే.

తెలుగునాట ఆత్మకూరులు చాలానే ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, అనంతపురంలో ఒకటి, పాలమూరు వైపు ఇంకొకటి. ఇది నల్లమల ఆత్మకూరు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. కర్నూలులో బస్సెక్కి, నందికొట్కూరు దాటి, మొత్తం 70 కిలోమీటర్ల దాకా ప్రయాణిస్తే ఎదురుగా కొండల వరస కనిపిస్తుంది. ఊరు దాటగానే దోర్నాల రోడ్డు అడవిలోకి దూరిపోతుంది. ఉగాదికి, శివరాత్రికి కాలినడకన శ్రీశైలం వెళ్లే భక్తులు ఇక్కడి నుంచే వెంకటాపురం, నాగలూటి మీదుగా కొండ ఎక్కుతారు. కన్నడసీమ నుంచి వచ్చే జంగమదేవరలు, మల్లన్న భక్తుల బృందాలతో ఆ రోజుల్లో ఊరంతా సందడే.

మిగతా రోజుల్లో మాత్రం ఆత్మకూరుది సేద్యం గోల. నీళ్లున్న చోట వరి, మిర్చి, మొక్కజొన్న. వాన మీద ఆధారపడ్డ చోట మినుము, పత్తి, వేరుశనగ. పొద్దున్నే పురుగుమందుల దుకాణం ముందు నిలబడితే ఊరి పంటల ఆరోగ్యం మొత్తం తెలిసిపోతుంది. చేతిలో పీకిన మొక్కో, కవర్లో చుట్టిన ఆకులో పట్టుకుని వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. ‘మొవ్వు మాడిపోతాంది అన్నా, ఏం మందు కొట్టల్ల?’

దానికి నిజాయతీగా చెప్పాల్సిన జవాబు వినడానికి కష్టంగా ఉంటుంది. పురుగుకి మందుంది. బూజుకి మందుంది. మొక్కలోకి దిగిపోయిన వైరస్‌ను చంపే మందు మాత్రం ఏ దుకాణంలోనూ లేదు!

తలుపు తట్టి రాదు

వైరస్ అంటే ఏమిటి? ఓ చిన్న సమాచారపు చీటీ, దాని చుట్టూ మాంసకృత్తుల తొడుగు. అంతే. దానికి నోరుండదు, కడుపుండదు. తిండి వండుకోలేదు, తనంతట తాను పిల్లల్ని కనలేదు. పొగాకు మొక్కలకు తెగులు తెచ్చే టొబాకో మొజాయిక్ వైరస్సే ప్రపంచంలో మొట్టమొదట దొరికిన వైరస్. రష్యాలో ఇవనోవ్‌స్కీ 1892లో, హాలెండులో బైజరింక్ 1898లో ఈ తెగులు గుట్టు విప్పారు. తెగులు సోకిన ఆకుల రసాన్ని సూక్ష్మక్రిములు సైతం దాటలేని వడపోతలో వడగట్టినా, ఆ రసం తగిలిన మొక్కకు జబ్బు వచ్చింది. అంటే అందులో ఉన్నది బ్యాక్టీరియా కన్నా చిన్నదన్నమాట. ఎంత చిన్నదంటే మూడువేలకు పైగా ఆ వైరస్‌లను పుల్లల్లా తలా తోకా కలిపి పేరిస్తే ఒక్క మిల్లీమీటరు వస్తుంది.

అంత చిన్నదైనా మొక్కలోకి చొరబడటం తేలిక కాదు. ఆకు మీద మైనం పూతలాంటి పొర. దాని కింద ప్రతి కణానికీ దిట్టమైన గోడ. మనుషుల్ని పట్టే వైరస్‌లు కణం పైపొరకు అతుక్కుని లోపలికి జారుకుంటాయి. మొక్కల దగ్గర ఆ పప్పులుడకవు. గోడకు కన్నం పడాల్సిందే. ఆ కన్నం వేసేది వేరేవాళ్లు. మినుములో, పెసరలో పల్లాకు తెగులును తెల్లదోమ తెస్తుంది. మిర్చిలో జెమిని వైరస్‌నూ అదే మోస్తుంది. కుకుంబర్ మొజాయిక్‌కు పేనుబంక వాహనం. వేరుశనగ మొవ్వుకుళ్లు తెగులుకు తామరపురుగు. ఒక్కోసారి మనిషి చెయ్యే చాలు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండుటాకులో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. బీడీ కాల్చిన చేతుల్ని కడుక్కోకుండా టమాటా నారో, మిరప నారో పీకితే వైరస్‌ను స్వయంగా అంటించినట్లే.

ఒకసారి కణంలో పడిందా... ఇక ఇల్లు దానిదే. తన చీటీని విప్పి, కణంలోని యంత్రాంగంతోనే వేల నకళ్లు తీయిస్తుంది. ఒక కణానికీ పక్క కణానికీ మధ్య సన్నటి దారులుంటాయి. ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య గోడకు వేసిన కిటికీల్లాంటివి. వైరస్ తన ప్రత్యేకమైన ప్రొటీన్‌తో ఆ కిటికీని పెద్దది చేసుకుని పక్కింట్లోకి దూరుతుంది. అలా పాకుతూ పిండిపదార్థం ప్రవహించే నాళాన్ని చేరిందంటే రహదారి ఎక్కినట్లే. కొద్దిరోజుల్లోనే చిగురు నుంచి వేరుదాకా వెళ్లిపోతుంది. రైతు కంటికి మచ్చ కనిపించే సమయానికి లోపల సగం కథ అయిపోయి ఉంటుంది.

ఆ ఏడాది ఏం జరిగిందంటే...

ఈ కథ రాయలసీమ రైతుకు కన్నీళ్లతో తెలిసింది 2000 సంవత్సరం ఖరీఫ్‌లో. ఆత్మకూరుకు దక్షిణాన, వేరుశనగే ప్రాణంగా బతికే అనంతపురం జిల్లాలో. పచ్చగా ఎదుగుతున్న చేలల్లో లేత ఆకుల మీద మాడిన మచ్చలు మొదలయ్యాయి. అవి ఈనెలకు, తొడిమలకు, కాండానికి పాకాయి. మొవ్వు ఎండిపోయింది. నెల తిరగని మొక్కలు నిలువునా చచ్చాయి. బతికి బట్టకట్టిన వాటికి కాయలు చిన్నవి, పైన నల్లమచ్చలు. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనేనని అంచనా.

చూడటానికి అది సీమకు పాత పరిచయమైన మొవ్వుకుళ్లులాగే ఉంది. కానీ పరీక్షలో ఆ వైరస్ దొరకలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు లోతుగా వెతికితే అసలు దోషి బయటపడింది. టొబాకో స్ట్రీక్ వైరస్. 1997లో అనంతపురం సరిహద్దునే ఉన్న కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడును మాడ్చిన తెగులుకూ ఇదే కారణమని తేలింది. వేరుశనగలో వచ్చిన కొత్త జబ్బుకు కాండంకుళ్లు తెగులు అని పేరు పెట్టారు.

విత్తనం ద్వారా వచ్చిందా? కాదని పరీక్షలు చెప్పాయి. మరి ఎక్కడి నుంచి? చేనంతా వెతికిన చూపు చివరికి గట్టు మీదికి మళ్లింది. అక్కడ నిక్షేపంగా, ఏ మచ్చా లేకుండా, నిండా పూసి నిలబడి ఉంది... వయ్యారిభామ!

పువ్వులో పొంచి ఉన్న ముప్పు

ఆత్మకూరులో ఏ దారిన నడిచినా ఈ మొక్క కనిపిస్తుంది. వెలుగోడు రోడ్డు పక్కన, కాలువ కట్ట మీద, దున్నకుండా వదిలేసిన మడిలో, ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో. క్యారెట్ ఆకులాంటి ఆకు, నూకల్లాంటి తెల్లటి పూలు. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండాలు. మనదేశంలో 1955లో పుణెలో గుర్తించేనాటికి అది ఓ వింత మొక్క. ఇప్పుడు అది లేని ఊరే లేదు. తాకితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం అని ఇంటింటికీ తెలుసు. తెలియనిది రెండో సంగతి.

టొబాకో స్ట్రీక్ వైరస్ వయ్యారిభామలో కాపురం ఉంటుంది. కానీ మొక్కకు జబ్బు చేసినట్లు కనిపించదు. మచ్చలు లేవు, వాడటం లేదు. వైరస్ దాని పుప్పొడిలోకి చేరుతుంది. ఆ పువ్వుల్లోనే తామరపురుగులు తిరుగుతుంటాయి. గాలి వీచినప్పుడు పుప్పొడి, పుప్పొడి పూసుకున్న తామరపురుగు రెండూ వేరుశనగ చేలో వాలతాయి. పురుగు ఆకును గీరి రసం పీలుస్తుంది. ఆ గీరిన గాయంలోకి పుప్పొడిలోని వైరస్ దిగుతుంది. మొవ్వుకుళ్లు వైరస్ తామరపురుగు ఒంట్లో పెరిగి మరీ వస్తుంది. ఇది అలా కాదు. పురుగు ఇక్కడ కన్నం వేసే దొంగ మాత్రమే, సొమ్ము మోసేది పుప్పొడి.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. చిన్నప్పుడే జబ్బుపడ్డ వేరుశనగ మొక్క పూత దాకా బతకదు. అందువల్ల రోగం కనిపించే మొక్క నుంచి పక్క మొక్కకు ముప్పు తక్కువ. రోగం కనిపించని మొక్క నుంచే ముప్పంతా. మాడిన మొక్కల్ని పీకి పారేసి గట్టును వదిలేస్తే, కారే కుండను వదిలి నేల తుడిచినట్లే. వాన ముందుగా పడి, విత్తు ఆలస్యమైన సంవత్సరం మరీ ప్రమాదం. వేరుశనగ మొలకెత్తే సరికే వయ్యారిభామ పూసి సిద్ధంగా ఉంటుంది. ఆపైన వానలు ముఖం చాటేస్తే తామరపురుగులకు పండగే.

ఆకు లోపలి సైన్యం

మరి మొక్క చూస్తూ ఊరుకుంటుందా? ఊరుకోదు. దాని దగ్గర మన ఒంట్లోలాగా రక్తంలో తిరిగే రక్షక కణాలు లేవు. ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. అందుకు ఒకటి కాదు, మూడు నాలుగు ఆయుధాలున్నాయి.

మొదటిది ఆత్మబలి. కొన్ని మొక్కల్లో వైరస్‌ను గుర్తుపట్టే జన్యువులుంటాయి. శత్రువు ఫలానా అని తెలియగానే ఆ కణమూ, చుట్టుపక్కల కణాలూ తమంతట తామే చచ్చిపోతాయి. ఊరికి నిప్పు అంటుకుంటే పక్కనున్న పూరికప్పు లాగి పారేసినట్లు. బతికిన కణం లేకపోతే వైరస్‌కు పని చేసిపెట్టేవాళ్లుండరు. ఆకు మీద చిన్న ఎండుచుక్క మిగులుతుంది, మొక్క బతుకుతుంది. పొగాకు అడవిజాతిలో ఉన్న అలాంటి ఒక జన్యువును పంట పొగాకులోకి తెచ్చే పని 1930ల్లోనే జరిగింది. ఆ జన్యువు నిర్మాణం 1994లో తెలిసింది. గుర్తుపట్టడంలో ఆలస్యమైతే మాత్రం వైరస్ ముందు పరిగెడుతూ ఉంటే చావు దాని వెంట పరిగెడుతుంది. చుక్కతో ఆగాల్సింది చిగురుదాకా పోతుంది.

రెండోది కత్తెర. చాలా వైరస్‌ల సమాచారపు చీటీ ఆర్‌ఎన్‌ఏతో తయారవుతుంది. అది నకళ్లు తీసుకునేటప్పుడు జంటపోగుల రూపం వస్తుంది. ఆ జంటపోగును చూడగానే మొక్కలోని ఓ ఎంజైము దాన్ని తునకలు తునకలుగా కత్తిరిస్తుంది. అంతటితో అయిపోదు. ఆ తునకల్నే దొంగ ఫొటోలుగా పట్టుకుని ఇంకో ప్రొటీన్ కణమంతా గాలిస్తుంది. ఫొటోతో సరిపోలిన చీటీ ఎక్కడ దొరికినా ముక్కలు చేస్తుంది. అమెరికాలో 1928లోనే వింగార్డ్ అనే శాస్త్రవేత్త ఓ వింత చూశాడు. జబ్బుపడ్డ పొగాకు మొక్క కింది ఆకులు మచ్చలతో ఉంటే, తర్వాత వచ్చిన పై ఆకులు ఆరోగ్యంగా ఉన్నాయి. మొక్క కోలుకుంది! ఎలాగో ఆ రోజుల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆ కత్తెర తునకల్ని ఇంగ్లండులో హామిల్టన్, బాల్కూమ్ 1999లో మొక్కల్లో కనిపెట్టాకగానీ ముడి వీడలేదు.

మూడోది కబురు. దెబ్బతిన్న ఆకులో శాలిసిలిక్ ఆమ్లం పెరుగుతుంది. మన ఇళ్లల్లో తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్‌కు ఇది దగ్గరి చుట్టం. దానివల్ల మిగతా ఆకులూ ముందే అప్రమత్తమవుతాయి. 1979లో ఇంగ్లండులో పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కించి చూస్తే, మొజాయిక్ వైరస్‌ను అవి మరింతగా తట్టుకున్నాయి. అలాగని చేలో ఆస్పిరిన్ చల్లమని కాదు! ఆ కబురు గాలిలోనూ వెళ్తుంది. వైరస్ సోకిన పొగాకు మొక్క వదిలే ఆవిరితో పక్క మొక్కలు కూడా మేల్కొంటాయని 1997లో తేలింది. నొప్పులకు రాసుకునే తైలాల్లో ఘాటుగా వచ్చే వాసన ఉందే, ఆ పదార్థమే అది.

ఇన్ని ఉన్నా మొక్క ఎందుకు ఓడిపోతోంది? వైరస్‌కూ తెలివి ఉంది కాబట్టి. కత్తెర పనిచేయకుండా అడ్డుపడే ప్రొటీన్లను చాలా వైరస్‌లు వెంట తెచ్చుకుంటాయి. ఒకరి ఎత్తుకు ఇంకొకరి పైఎత్తు. లక్షల ఏళ్లుగా సాగుతున్న ఆట ఇది.

అడవి చెప్పే పాఠం

ఆత్మకూరు నుంచి దోర్నాల రోడ్డులో బైర్లూటి వైపు వెళ్తే ఈ ఆట ఇంకోలా కనిపిస్తుంది. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఇది. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు... అడుగుకో జాతి. ఇక్కడ వైరస్‌లు లేవా? ప్రపంచంలో ఎక్కడ వెతికినా అడవి మొక్కల్లో వైరస్‌లు దొరుకుతూనే ఉన్నాయి, చాలావాటిలో జబ్బు లక్షణాలే లేవు. తరతరాల సహవాసంలో ఒకదాన్నొకటి భరించడం నేర్చుకున్నాయి. పైగా ఒక చెట్టు నుంచి బయల్దేరిన పురుగుకు పక్కన అదే జాతి చెట్టు దొరకదు. కొన్ని వైరస్‌లైతే మేలు కూడా చేస్తాయి. వైరస్ సోకిన కొన్ని పంట మొక్కలు నీళ్లు లేకపోయినా మామూలు వాటికన్నా ఎక్కువ రోజులు తట్టుకున్నాయని 2008లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో చూశారు.

చేను అలా కాదు. కనుచూపు మేర ఒకే పంట, ఒకే రకం, ఒకే వయసు. ఒక తాళానికి పనికొచ్చిన దొంగతాళంచెవి ఊళ్లోని ఇళ్లన్నింటికీ పనికొస్తే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకే పెద్దలు వేరుశనగలో కంది సాళ్లు వేసేవాళ్లు. వాళ్లు వైరస్ పేరు విని ఉండరు. ఒక పంట పోతే ఇంకొకటి ఆదుకుంటుందని వేశారు.

విత్తకముందే వైద్యం

రైతుకు దారి లేదా? ఉంది. అయితే అది మచ్చ కనిపించాక కాదు, విత్తకముందే మొదలవ్వాలి. ఆత్మకూరు నుంచి వెలుగోడు మీదుగా నంద్యాల చేరితే 1906 నుంచీ పనిచేస్తున్న వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. రాష్ట్రంలో ఇలాంటి పరిశోధన స్థానాలు ఏళ్లుగా చేస్తున్న ముఖ్యమైన పనుల్లో ఒకటి, సొంతంగా పోరాడగల మొక్కల్ని ఏరి, పెంచి, రైతుకివ్వడం. మినుములో టి.బి.జి.104 లాంటి రకాలు పల్లాకు తెగులును తట్టుకునేది అందుకే. వేరుశనగ కాండంకుళ్లుకు సాగు రకాల్లో అంత గట్టి కవచం దొరకలేదు. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి అడవిజాతుల్లో కొన్ని ఈ వైరస్‌కు లొంగలేదని పరీక్షల్లో తేలింది. ఆ గుణం పంటలోకి తేవడం ఏళ్లు పట్టే పని.

ఈలోగా చేయగలిగింది గట్టు మీదే ఉంది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. పువ్వు విప్పాక పీకితే పుప్పొడిని చేతులారా దులిపినట్లే. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చేను చుట్టూ నాలుగు సాళ్లు ఒత్తుగా జొన్నో, సజ్జో వేస్తే అది త్వరగా ఎదిగి తెరలా నిలబడుతుంది. గాలిలో కొట్టుకొచ్చే తామరపురుగులు, పుప్పొడి చాలావరకు అక్కడే ఆగిపోతాయి. జొన్నకు ఈ వైరస్ అంటదు. మొక్కలు పలచబడకుండా ఒత్తుగా విత్తుకోవాలి. మిర్చిలో తెల్లదోమకు పసుపు, తామరపురుగుకు నీలం జిగురు అట్టలు పెడితే పురుగు ఎప్పుడొచ్చిందో ముందే తెలుస్తుంది. ఇవేవీ పెద్ద ఖర్చు కావు.

చిక్కల్లా ఒక్కటే. నా గట్టు నేను శుభ్రం చేసుకుని, పక్కాయన వదిలేస్తే? రోడ్డు వారన ఉన్నది ఎవరిది? బీడు ఎవరిది? పుప్పొడికి సర్వే నంబర్లు తెలియవు. మందు కొట్టడం ఒక్కడు చేసే పని, గట్టు బాగుచేయడం ఊరు చేసే పని. తొలకరికి ముందు చెరువు పూడిక తీయడానికి ఊరంతా కదిలినట్లు ఒక పూట దీనికీ కదలాలి. బడిపిల్లలు, మహిళా సంఘాలు, పంచాయతీ... ఎవరు ముందు నడిచినా సరే.

సాయంత్రం కొండల వెనక నుంచి చల్లగాలి దిగుతుంది. ఆత్మకూరు చేలల్లో ఆకులు కదులుతాయి. చూసేవారికి అంతా ప్రశాంతం. కానీ ఆ ఆకుల్లో ఎక్కడో ఓ కణం శత్రువును పసిగట్టి ఉంటుంది. ఎక్కడో కత్తెర పడుతూ ఉంటుంది. మరెక్కడో ఓ కణం చుట్టుపక్కల వాటి కోసం ప్రాణం వదులుతూ ఉంటుంది. తన వంతు పని మొక్క చేస్తూనే ఉంది. గట్టు మీద తెల్లటి పూలు మాత్రం ఇంకా ఊగుతూనే ఉన్నాయి. వాటిని పీకడం మొక్కకు చేతకాదు. ఆ ఒక్క పనీ మనదే.